స్ప్రింగ్ బ్రేక్ కామెడీలు: చూసినవాళ్ళు ఏం తేల్చారు?

అమెరికా కాలేజీలకు మార్చి నెల చుట్టుపక్కల ఒక వారం సెలవు వస్తుంది. సెమిస్టర్ సగం గడిచి, చివరి పరీక్షలు ఇంకా దూరంగా ఉండే ఆ వారమే స్ప్రింగ్ బ్రేక్. ఉత్తరాది రాష్ట్రాల్లో అప్పటికి చలి వదలదు. అందుకే కుర్రకారు కార్లు నింపుకుని ఫ్లోరిడా తీరానికి దిగుతారు. ఆ వారం మీద హాలీవుడ్ 1960 నుంచి సినిమాలు తీస్తూనే ఉంది. కథలో మార్పు తక్కువ. నలుగురు స్నేహితులు, ఒక ఇరుకు మోటెల్ గది, సముద్రం, బీరు, రెండు మూడు ప్రేమలు, వారం ముగిశాక ఇంటిదారి. విమర్శకుల్లో ఎక్కువమంది వీటిని చులకనగా చూశారు. ప్రేక్షకుల మాట అంత తేలిగ్గా అంతుపట్టదు. ఒకే సినిమా ఒకరికి తమ ఇరవయ్యో ఏటిని కళ్ళ ముందు నిలబెడుతుంది, మరొకరికి అరగంట కూడా భరించలేనంత వెగటు పుట్టిస్తుంది. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

ఈ అభిప్రాయాలను పక్కపక్కన పెట్టి చూస్తే అవి చీలే చోటు ఒకటి కనబడుతుంది. కథ ఉందా లేదా, నటన బాగుందా లేదా అన్నవి పైకి వినిపించే ఫిర్యాదులు. లోపల ఉన్న ప్రశ్న వేరు. తెర మీద ఉన్న అందరికీ సెలవు దొరికిందా? లేక కొందరి సెలవుకు పనికొచ్చే సరంజామాగా మిగతావాళ్ళని అక్కడ నిలబెట్టారా? సరదా సినిమాను కొలవడానికి నాకు ఇంతకంటే సరైన ప్రశ్న దొరకలేదు. ప్రేక్షకుల్లో చాలామంది ఈ మాటల్లో అనకపోయినా ఈ కొలతతోనే తూచారని నా నమ్మకం.

ఈ తరహా మొత్తానికి నమూనాగా చెప్పుకోదగ్గది 1983 మార్చిలో కొలంబియా సంస్థ విడుదల చేసిన 'స్ప్రింగ్ బ్రేక్'. దర్శకుడు షాన్ ఎస్. కనింగ్‌హామ్. అంతకు మూడేళ్ళ ముందు 'ఫ్రైడే ది థర్టీన్త్' తీసి కుర్రాళ్ళని అడవిలో ఒక్కొక్కరిగా చంపించిన మనిషి ఈసారి అదే వయసు కుర్రాళ్ళని ఫోర్ట్ లాడర్‌డేల్ బీచ్‌కి తీసుకెళ్ళి నవ్వించబోయాడు. మోటెల్‌లో ఒకే గదిని రెండు జట్లకు ఇచ్చేస్తారు. బిడియస్తులైన ఇద్దరు, దూకుడు మీదున్న న్యూయార్క్ కుర్రాళ్ళు ఇద్దరు, మొత్తం నలుగురూ ఆ గదిలో సర్దుకోవాలి. బిడియస్తుల్లో ఒకడి సవతి తండ్రి రాజకీయ నాయకుడు, కొడుకు కోసం మనుషులను పంపి వెతికిస్తుంటాడు. ఇంతే కథ. దీనికే అమెరికాలో సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్ల వసూళ్ళు వచ్చాయి. అప్పటికి కొద్దికాలం ముందే 'పోర్కీస్' 10 కోట్ల డాలర్లు దాటి ఉండటంతో ఇలాంటి సినిమాల కోసం నిర్మాతలు ఎగబడుతున్న రోజులవి.

ఈ సినిమాను ఇష్టపడేవాళ్ళు రెండు విషయాలు పదే పదే చెబుతారు. మొదటిది, ఇందులో ద్వేషం లేదు. ఆ కాలపు కాలేజీ కామెడీల్లో బిడియస్తుణ్ణి ఏడిపించడమే హాస్యం. ఇక్కడ మాత్రం న్యూయార్క్ కుర్రాళ్ళు గదిలో దూరినవాళ్ళను తరిమేయరు, వెంట తిప్పుకుంటారు. నాలుగు రోజుల్లో నలుగురూ ప్రాణ స్నేహితులైపోతారు. ఈ సినిమాలో నాకు నిజంగా నచ్చిన భాగం ఇదే, దీన్ని గమనించిన ప్రేక్షకులు విమర్శకుల కంటే జాగ్రత్తగా చూశారు. రెండోది, అది ఒక ఊరి రికార్డు. తీరం వెంబడి వరసకట్టిన మోటెళ్ళు, బాల్కనీల్లో వేలాడే తువ్వాళ్ళు, కిక్కిరిసిన రోడ్డు, కొలను ఒడ్డున పొట్ట మీద పడేలా దూకే పోటీలు. ఆ రోజుల్లో అక్కడికి వెళ్ళినవాళ్ళు కథను వదిలేసి వెనక కనిపించే బోర్డుల కోసం సినిమాను ఆపి ఆపి చూస్తారు. ఆ ఫోర్ట్ లాడర్‌డేల్ ఇప్పుడు లేదు కాబట్టి ఆ మోజును తప్పుపట్టలేం.

ఇష్టపడనివాళ్ళ మొదటి మాట, కథ లేదని. అది నిజమే గానీ సెలవు సినిమాకు కథ పలచగా ఉండటం పెద్ద నేరం కాదు. వాళ్ళ రెండో మాట బలమైనది. ఇందులో నలుగురు అబ్బాయిలకు పేర్లు, ఊళ్ళు, భయాలు, కోరికలు ఉన్నాయి. అమ్మాయిలకు ఒళ్ళు ఉంది. తడి బనియన్ల పోటీ దగ్గర కెమెరా ఎవరి ముఖం మీదా నిలవదు. సినిమా అయ్యాక అందులోని ఒక్క అమ్మాయి ఏం చదువుతోందో, ఆమెకు ఏం కావాలో గుర్తుండే ప్రేక్షకుడు అరుదు. బీచ్ నిండా జనమే అయినా సెలవు మీద వచ్చింది నలుగురే, మిగిలిన అందరూ ఆ నలుగురి కోసం అమర్చిన దృశ్యం. అబ్బాయిల మధ్య అంత మంచితనం చూపగలిగిన సినిమా దాన్ని గది గుమ్మం దాకానే తేవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఈ రెండు పక్షాల మధ్య మార్కుల లెక్క మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఐఎండిబిలో ఈ సినిమాకు పదికి అయిదు దగ్గర ఉంటుంది. అది చూసి ఏదో సోసోగా ఉందని అనుకుంటాం. అయిదు అనేది ఎవరి అభిప్రాయమూ కాదు. తొమ్మిది వేసినవాళ్ళనీ రెండు వేసినవాళ్ళనీ కలిపితే వచ్చిన అంకె అది. రాటెన్ టొమాటోస్ శాతం ఇంకో రకం. అది సగటు మార్కు చెప్పదు, మొత్తం సమీక్షల్లో మెచ్చుకున్నవి ఎన్నో చెబుతుంది. కాబట్టి అందరూ పరవాలేదనుకున్న సినిమాకు నూటికి నూరు రావచ్చు, సగంమంది ప్రాణం పెట్టే సినిమా యాభై దగ్గర ఆగిపోవచ్చు. సినిమాస్కోర్ సంస్థ మొదటి రోజు ఆట నుంచి బయటికి వచ్చేవాళ్ళ చేతికి కార్డు ఇచ్చి అక్కడికక్కడే గ్రేడు వేయిస్తుంది. ప్రచారం చూసి ఆశపడి వచ్చినవాళ్ళ ఆశ తీరిందో లేదో దానిలో తెలుస్తుంది, అంతకు మించి తెలియదు.

పాత సినిమాల దగ్గర ఇంకో చిక్కు ఉంది. నలభై ఏళ్ళ కిందటి కామెడీకి ఇవాళ కూర్చుని మార్కు వేసేది ఎవరు? అప్పట్లో ప్రేమించినవాళ్ళు, లేదా ఎంత ఘోరంగా ఉందో చూద్దామని వచ్చినవాళ్ళు. ఒకసారి చూసి మరిచిపోయిన పెద్ద గుంపు, అంటే నిజమైన మెజారిటీ, మాట్లాడదు. పైగా ఈ సినిమాలను చాలామంది హాల్లో చూడలేదు. వీడియో క్యాసెట్ల అద్దె దుకాణాల్లో, అర్ధరాత్రి కేబుల్ టీవీలో చూశారు. యూఎస్ఏ నెట్‌వర్క్‌లో 1989 నుంచి 1998 దాకా నడిచిన 'అప్ ఆల్ నైట్' కార్యక్రమం ఇలాంటి చవక సినిమాలనే వారాంతపు రాత్రుల్లో వేసేది. పెద్దవాళ్ళు పడుకున్నాక సౌండు తగ్గించుకుని చూసిన పదమూడేళ్ళ పిల్లవాడి అభిప్రాయం, పెద్దయ్యాక కూడా, ఆ రాత్రి దొంగతనపు సంతోషాన్ని మోస్తూనే ఉంటుంది. ఆ మార్కులో సినిమా వాటా ఎంతో, బాల్యం వాటా ఎంతో విడదీయడం అతని వల్ల కూడా కాదు.

అసలు ఈ తరహాకు పునాది వేసింది ఆడపిల్లల సినిమా అన్న సంగతి 1983 అభిమానుల్లో చాలామందికి తట్టదు. 1960 డిసెంబరులో ఎం.జి.ఎం. విడుదల చేసిన 'వేర్ ద బాయ్స్ ఆర్' దీనికి మూలం. మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు బోధించిన గ్లెండన్ స్వార్ట్‌హౌట్, తన విద్యార్థులు సెలవులకు ఫ్లోరిడా పరిగెత్తడం గమనించి, తానూ వెళ్ళి చూసి నవల రాశారు. అప్పటికే ఫోర్ట్ లాడర్‌డేల్‌కు విద్యార్థులు రావడం అలవాటే. 1930ల్లో ఈత కోచ్‌లు తమ జట్లను అక్కడి పెద్ద కొలనులో సాధనకు తీసుకొచ్చేవాళ్ళు. ఈతగాళ్ళ వెంట స్నేహితులు, స్నేహితుల వెంట ఇంకొందరు. సినిమా వచ్చాక అది జాతరైంది. 1961 సెలవుల్లో యాభై వేలమంది దాకా దిగారని చెబుతారు.

మంచులో కూరుకున్న కాలేజీ నుంచి నలుగురు అమ్మాయిలు బయలుదేరతారు. డొలొరెస్ హార్ట్ వేసిన మెరిట్ తెలివైన పిల్ల, ఐక్యూ ఎంతో చెప్పుకోగల పిల్ల, కానీ చదువులో తేలిపోతోంది. పౌలా ప్రెంటిస్ వేసిన టగుల్ బాగా పొడగరి. తన ఎత్తుకు తగ్గ మొగుడు, పిల్లలు, ఇల్లు ఆమె కోరిక. గాయని కోనీ ఫ్రాన్సిస్ వేసిన ఏంజీని ఎవరూ చూడరు. యివెట్ మిమియో వేసిన మెలనీ వచ్చిన రోజు నుంచే ప్రేమలో పడిపోతుంది. ప్రేక్షకులకు ఎక్కువగా నచ్చింది టగుల్, ఆమెకు జోడీగా వచ్చిన జిమ్ హటన్. ఇద్దరూ పొడుగు, ఇద్దరిదీ తడబడే హాస్యం. జనం ఎంతగా మెచ్చారంటే ఎం.జి.ఎం. ఆ జంటను వరసగా ఇంకో మూడు సినిమాల్లో కలిపింది. ప్రేక్షకుడి మాటకు అంతకు మించిన రుజువు అక్కర్లేదు. ఫ్రాన్సిస్ విషయంలో అప్పటి నుంచి ఒక ఫిర్యాదు ఉంది. దేశమంతా పాడుకునే గాయనిని తెచ్చి ఎవరి కంటికీ ఆనని పిల్లగా చూపడం అన్యాయమని. నేనూ ఆ ఫిర్యాదు పక్షమే.

సినిమా మొదట్లోనే తరగతి గదిలో మెరిట్ లేచి, పెళ్ళికి ముందు సంబంధం గురించి పాఠ్యపుస్తకం చెప్పేదీ అమ్మాయిల బతుకులో జరుగుతున్నదీ వేరని ప్రొఫెసర్ ముఖం మీదే చెబుతుంది. గర్భనిరోధక మాత్రకు అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది ఆ సంవత్సరమే. అప్పట్లో కాలేజీలో ఉన్న ఆడవాళ్ళు ఆ దృశ్యాన్ని మరిచిపోలేదు. తమ హాస్టల్ గదుల్లో గుసగుసగా నడిచిన చర్చ అంత పెద్ద తెర మీద వినబడటం వాళ్ళకు కొత్త. మూడేళ్ళ తర్వాత, 1963లో, ఆ మాటలు పలికిన డొలొరెస్ హార్ట్ నటన వదిలేసి కనెటికట్ రాష్ట్రంలోని బెనెడిక్టిన్ మఠంలో చేరింది. ఆ సంగతి తెలిశాక సినిమాను మళ్ళీ చూసేవాళ్ళు ఆమె ముఖంలో ముందుగానే ఏదో వెతుకుతారు. నాకు అక్కడ కనబడేది మంచి నటి, అంతే.

అభిప్రాయాలు భగ్గుమనే చోటు మెలనీ దగ్గర. కుర్రాళ్ళను నమ్మి తిరిగిన ఆ పిల్ల మీద మోటెల్ గదిలో అత్యాచారం జరుగుతుంది. దిమ్మెరపోయి రోడ్డు మీదికి నడుచుకుంటూ వచ్చి కారు కింద పడుతుంది. అప్పటిదాకా ఈత కొలనులో నవ్వించిన సినిమా ఆసుపత్రికి చేరుతుంది. ఒక పక్షం అంటుంది, ఇది మోసం, సరదా సినిమాకని పిలిచి చివర నీతిబోధ చేశారు, స్వేచ్ఛ గురించి మాట్లాడినది ఒకరైతే శిక్ష ఇంకొకరికి వేశారు. ఇంకో పక్షం అంటుంది, ఆ కాలంలో ఈ మాత్రం చెప్పిన సినిమా లేదు, అలాంటి సెలవుల్లో అది నిజంగా జరిగేది, జరిగినా ఎవరూ నోరు విప్పేవాళ్ళు కాదు. ఈ రెండో మాట చెప్పేవాళ్ళలో ఆ తరం ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటకు ఎక్కువ బరువు ఇవ్వాలి.

నాకు రెండు పక్షాలూ సగం సగం సరిగానే తోస్తాయి. ఆ దృశ్యాన్ని పెట్టడం తప్పు కాదు. తర్వాత జరిగింది తప్పు. మెలనీ మంచం మీద ఉండగానే సినిమా ఆమెను వదిలేసి మెరిట్ ప్రేమ తేల్చడానికి బీచ్‌కి వెళ్ళిపోతుంది. ఆ కుర్రాళ్ళకు ఏమైందో చెప్పదు. సిగ్గుపడాల్సిన పని చేసినవాడు తెరమరుగై, సిగ్గంతా ఆ పిల్ల మీద మిగులుతుంది. అయినా నలుగురు అమ్మాయిలకూ నాలుగు మనసులు ఉన్నాయని ఈ సినిమా నమ్మింది. ఇరవై మూడేళ్ళ తర్వాత అదే ఊళ్ళో తీసిన సినిమా ఆ నమ్మకాన్ని కూడా పోగొట్టుకుంది. ముందుకు నడవాల్సిన కాలం ఈ విషయంలో వెనక్కి నడిచింది.

సెలవు ఎవరికి అన్న ప్రశ్నకు ఇంకా కఠినమైన జవాబు తెర బయట ఉంది. ఈ సినిమా చూపించిన ఆ ఇసుక మీద 1960లో ఊళ్ళోని నల్లజాతివారికి అడుగు పెట్టే హక్కు లేదు. 1961 జులై 4న యూలా జాన్సన్, డాక్టర్ వాన్ డి. మిజెల్ నాయకత్వంలో నల్లజాతి యువకులు లాస్ ఓలాస్ బీచ్‌లో నీళ్ళలోకి దిగి నిరసన మొదలుపెట్టారు. నగరపాలక సంస్థ కోర్టుకెక్కింది. 1962లో జడ్జి నగరం వాదన కొట్టేశాక తీరం అందరిదీ అయింది. ఉత్తరం నుంచి వేలమంది అపరిచితులకు చోటిచ్చిన బీచ్, అదే ఊరి బిడ్డలకు చోటివ్వలేదు. ఇది తెలిసిన ప్రేక్షకుడు ఆ సినిమాలోని గుంపు దృశ్యాలను ఇదివరకటిలా చూడలేడు, చూడనక్కర్లేదు కూడా. పాత సినిమా అందాన్ని తలుచుకునేవాళ్ళ మధ్య ఈ మాట ఎత్తితే సరదా పాడుచేశావంటారు. సరదాలో చోటు దొరకనివాళ్ళ గురించి మాట్లాడటం సరదాను పాడుచేయడం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

1960ల మిగతా సినిమాల మీద పెద్దగా గొడవ లేదు. 'బీచ్ పార్టీ' వరసలో ఫ్రాంకీ అవలాన్, ఆనెట్ ఫ్యూనిచెల్లో జంట పాటలు పాడుతూ ఇసుకలో గెంతుతారు. 1963లో వచ్చిన 'పామ్ స్ప్రింగ్స్ వీకెండ్' అదే సంబరాన్ని కాలిఫోర్నియా ఎడారి ఊరికి మార్చింది. 1965లో 'గర్ల్ హ్యాపీ' కోసం ఎల్విస్ ప్రెస్లీ ఫోర్ట్ లాడర్‌డేల్ కథలోకి దిగాడు. పాటలు నచ్చినవాళ్ళకు ఇవి నచ్చాయి. వీటి గురించి అంతకంటే చెప్పాల్సింది లేదు.

ఊరి మనుషుల అభిప్రాయం మాత్రం చెప్పాలి, ఎందుకంటే సినిమాల్లో వాళ్ళు పోలీసులుగానో మోటెల్ యజమానులుగానో తప్ప కనబడరు. 1985 నాటికి ఫోర్ట్ లాడర్‌డేల్‌కు ఆ కొద్ది వారాల్లో మూడున్నర లక్షలమంది విద్యార్థులు వచ్చారు. బాల్కనీల నుంచి పడి చనిపోయినవాళ్ళున్నారు. చివరికి నగరం వీధిలో తాగడం మీద ఆంక్షలు పెట్టింది, మేయరు టీవీలో మీరు ఇక ఇక్కడికి రావద్దని చెప్పాడు. గుంపు డేటోనా బీచ్‌కి మారింది, ఎంటీవీ కెమెరాలు 1986 నుంచి అక్కడికి చేరాయి. ఆ తర్వాత పనామా సిటీ బీచ్ వంతు వచ్చింది, 2015లో కాల్పులు జరిగాక అక్కడా తీరంలో మద్యం ఆపేశారు. 2024లో మయామీ బీచ్ నగరమే స్ప్రింగ్ బ్రేక్‌తో తెగతెంపులు చేసుకుంటున్నామని ప్రచారం నడిపింది. సినిమా చూసి నవ్వుకున్నవాళ్ళు వెళ్ళిపోయాక మర్నాడు ఇసుక మీద సీసాలు ఏరినవాళ్ళ మార్కు ఏ వెబ్‌సైట్ సగటులోనూ కలవదు.

1984లో 'గ్రీస్' నిర్మాత అలన్ కార్ పాత సినిమాను 'వేర్ ద బాయ్స్ ఆర్ '84' పేరుతో మళ్ళీ తీశాడు. బరువైన భాగం తీసేసి అంతా తేలిక చేద్దామనుకున్నాడు. ఈసారి ప్రేక్షకులూ విమర్శకులూ ఒక్కటే మాట అన్నారు, బాగోలేదని. ఇది గమనించదగ్గ విషయం. పాత సినిమాలో బాధ ఉన్న చోటే మనుషులు ఉన్నారు. బాధను తీసేసినప్పుడు మనుషులు కూడా పోయారు.

2003లో వచ్చిన 'ఫ్రమ్ జస్టిన్ టు కెల్లీ' సంగతి వేరు. అమెరికన్ ఐడల్ మొదటి సీజన్ విజేత కెల్లీ క్లార్క్‌సన్, రెండో స్థానంలో నిలిచిన జస్టిన్ గ్వారిని, మయామీ బీచ్, పాటలు. దాదాపు కోటీ 20 లక్షల డాలర్ల ఖర్చుకు 50 లక్షలు కూడా రాలేదు. ఏళ్ళ తరబడి ఐఎండిబి అట్టడుగు జాబితాలో ఉంది. దీన్ని తిట్టడం ఒక వేడుకైపోయింది, చూడనివాళ్ళు కూడా తిడతారు. నేను ఆ గుంపులో చేరను. ఇందులో అసభ్యత లేదు, ఎవరినీ కించపరచడం లేదు, పదేళ్ళ పిల్లలు చూడొచ్చు. అప్పట్లో పదేళ్ళున్న అమ్మాయిల్లో కొందరు పెద్దయ్యాక దీన్ని ప్రేమగా తలుచుకోవడం సహజమే. సినిమాను చంపింది వేరే సంగతి. ఒప్పందం వల్ల చేయక తప్పలేదని క్లార్క్‌సన్ తానే చెప్పింది. పాటల పోటీ వేడి చల్లారకముందే తీసేయాలన్న తొందర ప్రతి నృత్యంలో కనబడుతుంది. తెర మీద ఉన్న నాయికే పనిలో ఉంది, సెలవులో లేదు. ప్రేక్షకులు పసిగట్టింది అదే.

పదేళ్ళ తర్వాత తీర్పు తలకిందులైంది. హార్మొనీ కొరీన్ తీసిన 'స్ప్రింగ్ బ్రేకర్స్' 2012లో వెనిస్ ఉత్సవంలో మొదట పడి, 2013 మార్చిలో అమెరికా హాళ్ళకు వచ్చింది. డిస్నీ చానల్ పిల్లలుగా పేరుపడ్డ సెలీనా గోమెజ్, వెనెస్సా హజెన్స్ ఇందులో ఉన్నారు. పోస్టరు నిండా రంగులు, బికినీలు, ఎండ. అది చూసి సరదా కామెడీ అనుకుని వచ్చినవాళ్ళకు తెర మీద దోపిడీ, తుపాకులు, కలలో మాటల్లా తిరిగి తిరిగి వచ్చే దృశ్యాలు కనబడ్డాయి. విమర్శకుల్లో మూడింట రెండు వంతులమంది దాకా మెచ్చుకున్నారు, ప్రేక్షకుల శాతం అంతకు చాలా తక్కువ. అయితే 50 లక్షల డాలర్లతో తీసిన సినిమాకు ప్రపంచమంతా కలిపి 3 కోట్లు దాటి వచ్చాయి. ఇక్కడ ప్రేక్షకుల కోపాన్ని తెలివితక్కువతనం అనేయడం సులువు. అది సరికాదు. ఒకటి చెప్పి ఇంకొకటి అమ్మినప్పుడు కొన్నవాళ్ళకు కోపం వస్తుంది. మొదటి రోజు తిట్టి, కొన్నేళ్ళకు మళ్ళీ చూసి మనసు మార్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకూ ఇది మంచి సినిమా. ఒక తరం సరదా అనుకున్నదాని అడుగున ఎంత ఖాళీ ఉందో చూపించింది. కామెడీగా అమ్మకుండా ఉండాల్సింది.

అభిప్రాయాలు ఇలా మారడం తెలుగువాళ్ళకు తెలియనిదేమీ కాదు. తరుణ్ భాస్కర్ తీసిన 'ఈ నగరానికి ఏమైంది' 2018 జూన్ 29న వచ్చినప్పుడు నగరాల్లో ఆడింది, మిగతా చోట్ల మామూలుగా పోయింది. నలుగురు స్నేహితులు తాగిన మత్తులో గోవా చేరి, అక్కడ షార్ట్ ఫిల్మ్ తీయాల్సి రావడం కథ. స్ప్రింగ్ బ్రేక్ కామెడీకి మన దగ్గర ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. అయిదేళ్ళకు, 2023లో అదే తేదీన మళ్ళీ విడుదల చేస్తే హాళ్ళు నిండాయి. కుర్రాళ్ళు డైలాగులు తెర కంటే ముందే చెప్పారు. మొదటిసారి కాలేజీలో ఉండి చూసినవాళ్ళు ఈసారి ఉద్యోగాలకు సెలవు పెట్టి వచ్చారు. వాళ్ళకు నచ్చింది గోవా కాదు, నలుగురూ ఒక చోట ఉండగలిగిన రోజులు. అబ్బాయిల లోకం ఇది, అమ్మాయిలు అంచుల్లోనే ఉన్నారన్న విమర్శ దీని మీదా ఉంది, అది న్యాయమైనదే. అయినా ఇందులో ఆ కుర్రాళ్ళ చేతగానితనం మీద నవ్వు పుడుతుంది గానీ ఎవరి ఒంటి మీదా కాదు. దాన్ని నేను పెద్ద విషయంగా లెక్కపెడతాను.

అమెరికాలో చదువుతున్న తెలుగు పిల్లలు ఈ సినిమాలను చూసే చూపు కూడా వేరుగా ఉంటుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి తరగతులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. సెలవుల్లో ఆ హద్దు ఉండదు. అందుకే చాలామందికి స్ప్రింగ్ బ్రేక్ అంటే క్యాంటీన్‌లోనో లైబ్రరీలోనో అదనపు గంటలు, ఆ గంటలతో తీరే అద్దె. ఇంకొందరు నలుగురైదుగురు కలిసి కారు అద్దెకు తీసుకుని మయామీ, కీ వెస్ట్ చూసి వస్తారు, దారిలో వండుకోవడానికి రైస్ కుక్కర్ వెంట పెట్టుకుని. ఈ రెండు రకాల సెలవూ ఏ హాలీవుడ్ కామెడీలోనూ లేదు. ఆ కారులో ఎంత నవ్వు ఉంటుందో తెలిసినవాళ్ళు ఎవరైనా కూర్చుని రాస్తే బాగుండును.

2009లో సన్‌డాన్స్ ఉత్సవంలో చూపించి, హాళ్ళకు పంపకుండా నేరుగా డీవీడీగా తెచ్చిన 'స్ప్రింగ్ బ్రేక్‌డౌన్' నేనడిగే ప్రశ్నను ముందే అడిగింది. ఎమీ పోలర్, పార్కర్ పోసీ, రేచల్ డ్రాచ్ వేసిన ముగ్గురు స్నేహితురాళ్ళకు ముప్ఫైలు దాటుతున్నాయి. కాలేజీ రోజుల్లో ఎవరూ వాళ్ళను పార్టీలకు పిలవలేదు. ఒక సెనెటర్ కూతుర్ని కనిపెట్టి ఉండటానికని టెక్సస్‌లోని సౌత్ పాద్రె ద్వీపానికి వెళ్ళి, అప్పట్లో దొరకని సెలవును ఇప్పుడు తీసుకోబోతారు. దీని మీదా అభిప్రాయాలు మిశ్రమమే. ఇంతమంది మంచి హాస్యనటులుండి ఇంతేనా అన్నవాళ్ళు ఎక్కువ. నిజమే, రెండో సగం అలసిపోతుంది, కొన్ని హాస్యాలు మోటుగా ఉన్నాయి. కానీ గోడ పక్కన నిలబడిపోయిన ఆడవాళ్ళను బీచ్ మధ్యలోకి తెచ్చి, వాళ్ళతో కలిసి నవ్వించింది. దాన్ని హాళ్ళలో వేసి ఉంటే చూసే జనం ఉండేవాళ్ళని నేను అనుకుంటాను. అదే ప్రశ్నను నవ్వు లేకుండా అడిగిన సినిమా ఇంకొకటి ఉంది. మోలీ మానింగ్ వాకర్ తీసిన బ్రిటిష్ సినిమా 'హౌ టు హ్యావ్ సెక్స్' 2023లో కాన్ ఉత్సవంలో అన్ సెర్టెన్ రిగార్డ్ బహుమతి తీసుకుంది. గ్రీసు తీరంలో ముగ్గురు అమ్మాయిల సెలవు అది. 1960లో మెలనీని వదిలేసిన చోట కెమెరా ఈసారి కదలకుండా ఆ ముగ్గురిలో ఒకరి ముఖం మీదే నిలబడింది. అది కామెడీ కాదు గానీ, ఇకపై ఈ తరహాలో కామెడీ తీసేవాళ్ళు దాన్ని చూడనట్టు నటించలేరు.

వరసగా చూడదలిచినవాళ్ళకు 1960, 1983, 2009 సినిమాలు మూడూ చాలు. 1983 దాన్ని స్నేహితులతో చూడండి, ఆ నలుగురి స్నేహం నిజంగా హాయిగా ఉంటుంది. 2009 దాన్ని కాలేజీలో మీతో పాటు మూలన కూర్చున్నవాళ్ళతో చూడండి. 1960 దాన్ని మాత్రం ఇంట్లో అమ్మతోనో అత్తతోనో కలిసి చూడమంటాను. మెలనీ దృశ్యం అయ్యాక వాళ్ళేమంటారో విని, ఆ తర్వాత మీ మార్కు వేయండి.